కంపెనీ వాలంటీర్లు మా తోటకి వచ్చినప్పుడు – నా అనుభవం

మా కమ్యూనిటీ గార్డెన్ లో బయటి గ్రూపుల్ని చూసుకునే పని నా మీద పడి కొన్నేళ్ళయింది. అంటే ఎవరైనా కంపెనీ వాళ్ళు "మా టీమ్ ఒక రోజు వచ్చి సాయం చేస్తుంది" అని మెయిల్ పెడితే జవాబు రాసేది, వచ్చినవాళ్ళకి పని చూపించేది, వాళ్ళు వెళ్ళాక పారలు లెక్కపెట్టుకునేది అన్నీ నేనే. ఇలాంటి తోటలు నడిపేవాళ్ళు ఈ మధ్య అడుగుతున్నారు, ఒప్పుకోవాలా వద్దా, ఒప్పుకుంటే ఏం పని ఇవ్వాలి అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం రాసేస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది.

ముందు తోట సంగతి. అందరం కలిసి కూరగాయలు పండించుకునే జాగా, సొంతం కాదు, లీజు. కొన్ని మడులు ఒక్కో కుటుంబానివి, కొన్ని ఉమ్మడివి. ఉమ్మడి మడుల్లో పండింది కొంత పనిచేసినవాళ్ళు పంచుకుంటారు, మిగతాది లేనివాళ్ళకి ఉచితంగా తిండి సరుకులు ఇచ్చే ఫుడ్ బ్యాంక్ కి వెళ్తుంది. రెగ్యులర్ గా వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రిటైరైనవాళ్ళు, చిన్నపిల్లల తల్లులు. ఓపిక ఉంది, అనుభవం ఉంది, నడుములే లేవు. అందుకే ముప్పై మంది కుర్రాళ్ళు వస్తాం అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఆ మెయిల్ ఎలా ఉంటుందంటే, తేదీ ముందే ఖాయం అయిపోయి ఉంటుంది. ఏప్రిల్ 22 ఎర్త్ డే, జూన్ 5 పర్యావరణ దినోత్సవం, డిసెంబర్ 5 అంతర్జాతీయ వాలంటీర్ల దినోత్సవం (ఐక్యరాజ్యసమితి 1985లో ప్రకటించిందట, ఆ మెయిళ్ళ పుణ్యమా అనే తెలిసింది నాకు), ఈ మూడింటి చుట్టూ కొన్ని, ఆఫీసు లెక్కలు మూసే నెలకి ముందు ఇంకొన్ని. మనుషులు ముప్పై నలభై, టైమ్ నాలుగు గంటలు, పని "మొక్కలు నాటడం". ఇవన్నీ రాసేసి చివర్లో "మీకు ఏం అవసరమో తెలియజేయగలరు" అని ఉంటుంది. మొదట్లో చదివి నవ్వుకునేదాన్ని, ఇప్పుడు నవ్వు కూడా రాదు, నేరుగా ఫోన్ నంబర్ అడుగుతా. మెయిల్ లో ఔననీ కాదనీ చెప్పను. ఫోన్ లో మాట్లాడితే ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది, అవతలివాళ్ళకి ఫోటోలు కావాలా, పని కావాలా, లేకపోతే టీమ్ అంతా ఒకరోజు ఆఫీసు బయట కలవాలా అని. మూడూ తప్పు కాదు, ఏది కావాలో తెలిస్తే దానికి తగ్గట్టు చూసుకోవచ్చు.

ఆ ఫోన్ లో నేను అడిగేవి చాలా చప్పగా ఉంటాయి. ఎవరికైనా నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి ఉన్నాయా, గర్భిణులు ఉన్నారా, తేనెటీగ కుడితే ఎలర్జీ ఉన్నవాళ్ళు ఎవరు, ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారు, వేళ్ళు మూసి ఉండే బూట్లు వేసుకొస్తారా. మాకు ఉన్నది ఒక్క టాయిలెట్, ఒక్క కుళాయి, నలభై మంది వస్తే ఏం చేస్తారు అని కూడా అడుగుతా. టాయిలెట్ మాట రాగానే నలభై మంది ఇరవై అయిపోతారు, ఇది చాలాసార్లు చూశా.

ఇప్పుడు అసలు విషయం. ముప్పై మందికి తోటలో ఏం పని ఇవ్వాలి? మా మడులు 1.2 మీటర్ల వెడల్పు, ఎందుకంటే రెండు వైపుల నుంచి చెయ్యి చాపితే మధ్యకి అందాలి, మడిలో కాలు పెట్టకూడదు. పొడవు 6 మీటర్లు. మనిషి కూర్చుని పనిచేయాలంటే మీటరు జాగా కావాలి, అంటే ఒక మడి చుట్టూ పన్నెండు మందికి మించి పట్టరు, అది కూడా మోచేతులు తగులుతూ. ముప్పై మందికి అలాంటి మడులు మూడు ఒకేసారి ఖాళీగా ఉండాలి. నడుస్తున్న తోటలో మూడు మడులు ఒకేసారి ఖాళీగా ఉన్నాయంటే అక్కడ ఏదో తేడా ఉన్నట్టే. పైగా ఒక మడిలో టమాటా నారు వేయడానికి ఇద్దరికి అరగంట పని. మిగతా ఇరవై ఎనిమిది మంది ఏం చేస్తారు, చుట్టూ నిలబడి చూస్తారు, చూస్తూ పక్క మడి తొక్కుతారు.

నాటడంలో ఇంకో చిక్కు ఉంది. నాటేది ఒక్క పూట, నీళ్ళు పెట్టాల్సింది తర్వాత రెండు వారాలు. నారు సాయంత్రం పూటో మబ్బుగా ఉన్నప్పుడో వేయాలి, కంపెనీ వాళ్ళకేమో పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు. ఎండలో పెట్టిన నారు సాయంత్రానికి వాలిపోతుంది, అందులో కొన్ని లేస్తాయి కొన్ని లేవవు. ఫోటోలో మాత్రం చాలా బాగుంటుంది.

కలుపు తీయడం ఇవ్వొచ్చు కదా అంటారు అందరూ. అదే అన్నిటికంటే కష్టమైన పని అని చేసేవాళ్ళకే తెలుసు. క్యారెట్ విత్తనం మొలవడానికే రెండు మూడు వారాలు పడుతుంది, మొలిచినప్పుడు సన్నగా గడ్డిపోచ లాగే ఉంటుంది, పక్కన నిజం గడ్డి ఇంకా బలంగా ఉంటుంది. కొత్తవాళ్ళు బలంగా ఉన్నది పంట అనుకుంటారు. ఒక గ్రూపు వచ్చినప్పుడు మా తోట పెద్దావిడ ఒకామె "బాబూ, నీ చేతిలో ఉన్నదే పంట, నువ్వు వదిలేసిందే కలుపు" అంటే ఆ అబ్బాయి చాలా సీరియస్ గా "అయితే ఇది మళ్ళీ పెట్టేయమంటారా ఆంటీ" అన్నాడు. తుంగ అయితే మరీ దారుణం, పైన పీకితే చేతికి ఆకులొస్తాయి, కింద గడ్డలు మట్టిలోనే ఉండిపోతాయి, కొన్నాళ్ళకే మళ్ళీ లేస్తుంది. గరిక వేరు ముక్కలు కంపోస్ట్ కుప్పలో పడేస్తే, ఆ కుప్ప సరిగ్గా వేడెక్కకపోతే, మనమే గరికని ఎరువుతో పాటు తోటంతా పంచినట్టు. టమాటాకి పక్క పిలకలు తీసే పని కూడా ఇవ్వను. పొడవుగా తీగలా పెరిగే రకాలకి తీయాలి, పొట్టిగా గుబురుగా పెరిగే రకాలకి తీయకూడదు, అక్కడే పిలక ఏదో పూత ఏదో చూసుకోవాలి, ఇదంతా పది నిమిషాల్లో నేర్పలేం.

మరి గుంపు దేనికి పనికొస్తుంది అంటే మోతకి. బుర్రతో పెద్దగా పనిలేని, ఒంటికి భారంగా ఉండే, లెక్క కట్టగలిగే పనికి. దీనికి కూడా లెక్క చెప్తా. దారుల్లో చెక్క ముక్కలు పరుస్తాం, అదే వుడ్ చిప్స్, బురద కాకుండా, గడ్డి మొలవకుండా. 10 సెంటీమీటర్ల మందం వేయాలి. అంటే ఒక క్యూబిక్ మీటర్ చిప్స్ 10 చదరపు మీటర్లకి వస్తాయి. ఒంటి చక్రం బండిలో 80 నుంచి 100 లీటర్లు పడుతుంది, అంటే ఒక క్యూబిక్ మీటర్ కి పది పన్నెండు బండ్లు. లారీ 12 క్యూబిక్ మీటర్లు గేటు దగ్గర పోసి వెళ్ళిపోతే అది దాదాపు 120 నుంచి 150 బండ్ల పని. మా వాళ్ళు చేస్తే వారాల తరబడి ఆ కుప్ప గేటుకి అడ్డంగా ఉంటుంది, కింద చిప్స్ కుళ్ళిపోతుంటాయి. ఇరవై ఐదు మంది, ఎనిమిది బండ్లు (మావి మూడే, మిగతావి అరువు), నింపేవాళ్ళు నింపుతుంటే తోసేవాళ్ళు తోస్తుంటే మధ్యాహ్నానికి గేటు ఖాళీ. అది చూసినరోజు నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి, అతిశయోక్తి కాదు.

ఆరోజే ఒక తమాషా జరిగింది. మా దారి వెడల్పు 90 సెంటీమీటర్లు, ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే ఒకటి మడి ఎక్కాల్సిందే. మొదటి అరగంట అంతా "మీరు వెనక్కి, కాదు మీరే వెనక్కి". వాళ్ళ ఎకౌంట్స్ డిపార్ట్మెంట్ అబ్బాయి ఒకడు, అప్పటిదాకా చెట్టుకింద ఫోన్ చూసుకుంటున్నవాడు, లేచి వచ్చి తోట మొత్తం చుట్టి వచ్చి వన్ వే పెట్టాడు. నిండు బండ్లు ఎడమవైపు నుంచి పోవాలి, ఖాళీవి కంపోస్ట్ షెడ్ వెనక నుంచి తిరిగి రావాలి. మలుపు దగ్గర తనే నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా అక్కడ తిరుగుతున్న మా ఎవ్వరికీ రాని ఆలోచన. ఇప్పటికీ మేం అలాగే తిరుగుతాం.

రెండో పని కంపోస్ట్ తిరగేయడం. ఇది ఇస్తే ముక్కు మూసుకుంటారేమో అనుకుంటాం గానీ ఎక్కువమందికి నచ్చేది ఇదే. కుప్ప కనీసం మీటరు ఎత్తు, మీటరు వెడల్పు ఉంటే లోపల బాగా వేడెక్కుతుంది. పార పెట్టి తెరిచేసరికి ఆవిరి వస్తుంది, పొడుగు థర్మామీటర్ గుచ్చితే 60 చూపిస్తుంది, అందరూ ఫోన్లు బయటికి తీస్తారు. అప్పుడే చెప్తా, ఎండినవి పచ్చివి కలిపితే కార్బన్ 25-30 వంతులకి నైట్రోజన్ 1 వంతు ఉండాలి, 55 డిగ్రీల పైన కొన్నిరోజులు ఉంటే చాలావరకు కలుపు విత్తనాలు, రోగక్రిములు చస్తాయి, 70 దాటితే మాత్రం మనకి పనిచేసి పెట్టే సూక్ష్మజీవులే దెబ్బతింటాయి కాబట్టి తెరిచి చల్లార్చాలి. మీటింగుల్లో కూడా ఇంత శ్రద్ధగా వింటారో లేదో. ఒకటే జాగ్రత్త, ఎండిపోయిన కుప్పని అలాగే తిరగేయకూడదు, బూజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ముందు నీళ్ళు చల్లాలి, మాస్కులు ఇవ్వాలి, ఆస్తమా ఉన్నవాళ్ళని ఆ పనికి పంపకూడదు.

నాలుగు గంటలు అంటారు కదా, అందులో చేతికి పని తగిలేది రెండున్నర. సంతకాలు, సేఫ్టీ మాటలు, పనిముట్లు పట్టుకోవడం చూపించడం, మధ్యలో బ్రేక్, గ్రూప్ ఫోటో, చివర్లో పారలు కడగడం. సేఫ్టీ మాటలు పదిహేను నిమిషాల్లో ముగిస్తా గానీ మానను. పళ్ళ పార కింద పెడితే పళ్ళు నేలవైపు ఉండాలి, బండిలో బరువు చక్రం మీద పడేలా ముందుకి వేయాలి, ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్ళు వంచాలి. ఆరేడుగురికి మా మనిషి ఒకరు ఉండాలి, అంటే ముప్పై మంది వస్తే మా వాళ్ళు నలుగురైదుగురు ఆరోజు తమ పని మానుకున్నట్టే. వచ్చేవాళ్ళకి ఈ సంగతి ఊహలో కూడా ఉండదు.

వాన సంగతి కూడా చెప్పాలి. ముందురోజు గట్టిగా వాన పడితే మడుల్లో పని ఆపేస్తా, ఎవరేమనుకున్నా సరే. తడి బంకమట్టి మీద ముప్పై మంది నడిస్తే అది అణిగి గట్టిపడుతుంది, గాలి ఆడదు, నీళ్ళు ఇంకవు, మళ్ళీ గుల్ల కావడానికి ఎన్ని నెలలు పడుతుందో. గుప్పెడు మట్టి తీసి పిసికి, ఉండని వేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోవాలి, అప్పుడే మడి దగ్గరికి రానిస్తా. ఒక కంపెనీ వాళ్ళు బస్సు బుక్ చేసేశాం అని ఒకటే గొడవ. రండి, పనిముట్లకి నూనె రాసి పదును పెడదాం, షెడ్ కి రంగేద్దాం, డ్రిప్ పైపుల్లో మూసుకుపోయిన రంధ్రాలు శుభ్రం చేద్దాం అన్నా. సగంమంది వచ్చారు, ఆ సీజన్ అంతా మా పారలు కత్తుల్లా తెగాయి.

ఇక డబ్బు. ఇది మాట్లాడటానికే నాకు రెండేళ్ళు పట్టింది. వాళ్ళు ఉచితంగా వస్తున్నారు, మనం ఎదురు డబ్బు అడగడం ఏంటి అని మా కమిటీలోనే సగంమంది. కానీ చిప్స్ లారీ ఎవరు కట్టాలి, గ్లోవ్స్ ఎవరు కొనాలి, విరిగిన పార పిడి ఎవరు మార్చాలి, నేను దాని కోసం పెట్టే రోజులు ఎవరివి? ఇప్పుడు మొదటి ఫోన్ లోనే చెప్పేస్తా, సామాను ఖర్చు, మా మనిషి రోజు ఖర్చు మీవి అని. కొంతమంది మళ్ళీ ఫోన్ చేయరు. ఒకాయన అయితే "మేం సేవ చేయడానికి వస్తుంటే మమ్మల్నే బిల్లు అడుగుతారా" అన్నాడు. ఆయన మాట ఆయనకి న్యాయంగానే ఉంటుంది, నేను కూడా మెత్తగానే చెప్పా, మీ టీమ్ ని హోటల్ కి తీసుకెళ్తే హాలుకి అద్దె కడతారు కదండీ అని. రాలేదు, పర్లేదు.

విచిత్రం ఏంటంటే చెక్క ఫలకలు కొనిపెట్టడానికి, బ్యానర్ పట్టే చోట మొక్కలు కొనిపెట్టడానికి వెంటనే ఒప్పుకుంటారు, మట్టి పరీక్షకి డబ్బు ఇవ్వమంటే ముఖం తిప్పుకుంటారు. పట్నంలో పాత జాగాల మట్టిలో సీసం ఉండొచ్చు, పాత రంగుల నుంచి, ఒకప్పటి సీసం పెట్రోల్ పొగ నుంచి. ఆకుకూరలు, దుంపలు అలాంటి మట్టిలో వేసి పిల్లలకి పెట్టకూడదు, ముందు పరీక్ష చేయించాలి, తేడా ఉంటే ఎత్తు మడులు కట్టి మంచి మట్టి పోయాలి. ఇంత ముఖ్యమైన పనికి ఫోటో రాదు, ల్యాబ్ నుంచి ఒక కాగితం వస్తుంది అంతే. చివరికి ఒక చిన్న కంపెనీ, పది పన్నెండు మంది ఉండే ఆఫీసు, మేం కడతాం అంది. ఆ కాగితాన్ని ఫ్రేమ్ కట్టించి షెడ్ లో పెట్టుకున్నాం, వాళ్ళ లోగోతో సహా.

అన్ని సాయాలూ చేతులతో చేసేవే కావాలని కూడా లేదు. మాకు బాగా కలిసొచ్చిన సాయం ఏదంటే, ఒక గ్రూపుతో వచ్చిన లీగల్ డిపార్ట్మెంట్ అమ్మాయి, బండి తోసి అలిసిపోయి కూర్చున్నప్పుడు "ఈ స్థలం మీదేనా అక్కా" అని అడిగింది. లీజు కాగితం చూపించా. ఖాళీ చేయమంటే 30 రోజుల గడువు అని ఉంది అందులో. "విత్తనం వేస్తే కాయ కోయడానికి ఎన్నాళ్ళు పడుతుంది" అంది. బీన్స్ లాంటివే 50-60 రోజులు, టమాటా ఇంకా ఎక్కువ. మరి 30 రోజులేంటి, నిలబడి ఉన్న పంట కోసుకునేదాకా టైమ్ ఇవ్వాలని రాయించుకోండి అని అక్కడే ఒక పేరా రాసిచ్చింది. తర్వాత రెన్యువల్ లో స్థలం వాళ్ళు దానికి ఒప్పుకున్నారు. ఆరోజు వేసిన చిప్స్ ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి, ఆ పేరా మాత్రం ప్రతి లీజులో ఉంటోంది.

ఇంకొకాయన షెడ్ కప్పు కొలిచి, 40 చదరపు మీటర్లు, 10 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 400 లీటర్లు దిగుతాయి, మీరేమో 200 లీటర్ల డ్రమ్ము పెట్టుకున్నారు, సగం నీళ్ళు కారిపోతున్నాయి అని తేల్చాడు. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన అంటే లీటరు, ఇంత సులువైన లెక్క మేమెప్పుడూ వేసుకోలేదు. ఐటీ వాళ్ళు ఇద్దరు నీళ్ళ వంతులకి యాప్ చేసిచ్చారు, చాలా కష్టపడి చేశారు పాపం, నోటిఫికేషన్లు కూడా వచ్చేవి. మా పెద్దవాళ్ళు ఎవ్వరూ తెరవలేదు. షెడ్ తలుపుకి దారంతో కట్టిన నోట్ బుక్, పెన్సిల్, ఇప్పటికీ అదే నడుస్తోంది. కాబట్టి ఏం చేసిపెట్టమంటారు అని ఎవరైనా అడిగితే ముందు ఆ నోట్ బుక్ చూపిస్తా.

కోత విషయంలో ఒక్కటి ముందే తేల్చుకోండి. మధ్యాహ్నం దాకా పనిచేసినవాళ్ళు ఇంటికి కాస్త కూరగాయలు పట్టుకెళ్ళొచ్చా అని అడుగుతారు, అడగడం సహజం. మా దగ్గర ఆ పంట ముందే ఫలానావాళ్ళకి అని మాట ఇచ్చి ఉంటాం, అందుకే మొదట్లోనే చెప్పేస్తాం, కోసేది మీరు కాదు, తీసుకెళ్ళేది మీరు కాదు అని. ముఖం మాడ్చుకున్నవాళ్ళు తక్కువే. అలాగే పిల్లల ఫోటోలు, తల్లిదండ్రుల్ని అడగకుండా ఎవరూ తీయకూడదు.

తిరిగి ఎంతమంది వస్తారు అంటే, చాలా తక్కువ. ఒక పెద్ద గ్రూపులో ఒకరో ఇద్దరో సెలవు రోజున సొంతంగా వస్తారు, వాళ్ళే తర్వాత మెంబర్లవుతారు. అందుకే ఇప్పుడు నా జవాబు మెయిల్ మారింది. ఒక్కరోజు నలభై మంది బదులు, ఎనిమిది మంది, వీలైతే అవే ముఖాలు, నెలకోసారి రండి అని రాస్తున్నా. రెండోసారి వచ్చినవాడికి పార ఎక్కడుందో చెప్పక్కర్లేదు, మూడోసారి వచ్చినవాడికి క్యారెట్ ఏదో గడ్డి ఏదో తెలిసిపోతుంది, అప్పుడు కలుపు కూడా ఇస్తా. పెద్ద గుంపుని ఏడాదికి ఒకసారి మాత్రం పిలుస్తాం, చిప్స్ లారీ వచ్చిన వారం.

మా కమిటీలో ఇంకా తేలనిది బ్యానర్ గొడవ ఒక్కటే. గేటుకి కట్టనివ్వాలని కొందరు, పని అయ్యాక పట్టుకుని ఫోటో దిగి తీసుకెళ్ళిపోవాలని కొందరు. ప్లాస్టిక్ బ్యానర్ అయితే అసలు లోపలికే వద్దని పెద్దావిడ. వచ్చే నెల కంపోస్ట్ తిరగేయడానికి ఎనిమిది మంది వస్తున్నారు, బ్యానర్ తెస్తున్నారో లేదో నేను ఇంకా అడగలేదు.